పొట్ట మీద కమలాపండు

నా చిన్నప్పుడు, డెబ్బైల చివర్లో, అమెరికాలో, శాంటా క్లారాలోని మా తెలుగు చర్చిలో క్రిస్మస్‌కి ఒక్కదాన్నే పాడే అవకాశం నాకొచ్చింది. ఎంత గొప్పలు పోయానో! తీరా ప్రాక్టీసులో, చివరి పొడుగు రాగం దగ్గర ఊపిరి చాలక గొంతు తుస్సుమంది. పాటలు నేర్పే ఆంటీ, "ఎందుకైనా మంచిది, ఇంకో పిల్లని రెడీగా ఉంచుతాను. నువ్వాగిపోతే తను అందుకుంటుంది" అనేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మా అమ్మ మిరియాల పాలు, అల్లం రసం, తేనె అన్నీ పట్టించింది. తప్పంతా గొంతుదేనని మా ఇంటిల్లిపాదికీ నమ్మకం.

పెరట్లో ఏడుస్తూ పాడుకుంటుంటే పక్కింటి చైనా అమ్మమ్మ విని వచ్చింది. రోజూ పొద్దున్నే గడ్డిలో నిలబడి, నీళ్లలో చేతులు ఆడిస్తున్నట్టు మెల్లగా కసరత్తు చేసేదావిడ. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు కింద కమలాపండు పెట్టి, "చి, హియర్" అంది. ఒంట్లో ప్రాణాన్ని నడిపించే శక్తిని వాళ్లు చి అంటారట, దాని ఇల్లు అక్కడేనట. వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో అంతా చెప్పింది. ఊపిరి పీలిస్తే పండు లేవాలి, భుజాలు కదలకూడదు. నేనేమో పెద్ద గాయనిలా ఛాతీ పొంగించాను. పండు దొర్లి గడ్డిలో పడింది. ఆవిడ పకపకా నవ్వి మళ్లీ పెట్టింది.

కిటికీలోంచి చూసిన అమ్మ హడలిపోయింది. "ఏమండీ, అది వాళ్ల పూజేమో చూడండీ!"

నాన్నగారు నవ్వేశారు. "దేవుడు మట్టిలో ఊదింది ఊపిరే కదే. దానికి చైనా ఏమిటి, గుంటూరేమిటి? పిల్లని పడుకోనీ."

క్రిస్మస్ రోజు ఆవిడ కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. పొడుగు రాగం దగ్గరపడేసరికి నా భుజాలు మళ్లీ పైకి లేచాయి. పక్కన ఆ రెండో పిల్ల అప్పుడే గొంతు సవరించుకుంటోంది. వెనక బెంచీ వైపు చూస్తే చైనా అమ్మమ్మ తన పొట్ట మీద అరచెయ్యి ఆనించుకుని ఉంది. పండు గుర్తొచ్చింది. భుజాలు వదిలేశాను. ఊపిరి అడుగునుంచి లేచింది చూడండీ, రాగం చివరిదాకా తీసినా ఇంకా మిగిలింది! చర్చి చప్పట్లతో మారుమోగిపోయింది. అందరికంటే ముందు లేచి నిలబడింది మా అమ్మే.

చి అంటే ఏమిటని అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కానీ అదే చర్చిలో ఇప్పుడు పాటలు నేర్పే ఆంటీని నేనే. క్రిస్మస్ వస్తోందంటే పిల్లలందరినీ కార్పెట్ మీద వరసగా పడుకోబెడతాను. కమలాపళ్ల సంచీ పట్టుకొచ్చి, ఒక్కొక్కరి పొట్ట మీదా పండు పెట్టేది మా అమ్మ.