పుక్కెడు నీళ్లు

ఈ ఉదయం మెట్లు దిగుతుంటే తడిసిన రాతిపొడి వాసన ముక్కుకు తగిలింది. నీళ్లు పోస్తూ బండను కోసినప్పుడు వచ్చే వాసన అది. తాడిపత్రిలో నాలుగేళ్లు పనిచేసినవాళ్లు దాన్ని మర్చిపోలేరు. మా అపార్ట్‌మెంట్‌లో మెట్ల మలుపు వచ్చిందంటే చాలు, గుట్కా నమిలినవాడు మూలకు తిరిగి ఉమ్మేస్తాడు. ఆ మూలల్లో మేస్త్రీ దేవుడి బొమ్మలున్న టైళ్లు అతికిస్తున్నాడు. పక్కన అసోసియేషన్ సెక్రటరీ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "మూలకొక దేవున్ని అతికిచ్చినాం మేడమ్, ఇంక ఎవడూ ఉమ్మడు. ఇంకా రెండు దేవుళ్లు మిగిలిండాయి. మీ ఫ్లోరుకు ఏది వేయమంటారు, వెంకటేశ్వరుడా, శివుడా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఉమ్మేవాణ్ణి పట్టుకుని అడిగే దమ్ము లేక, దేవుణ్ణి తెచ్చి ఉమ్ముకు ఎదురుగా నిలబెట్టారు. అలా నిలబెట్టినందుకు సిగ్గుపడటం పోయి, రెండు మిగిలాయని లెక్క చెబుతున్నాడు. నేనేమీ మహా భక్తురాలిని కాను. వ్రతాలు చేయను, ఒక్కపూట ఉపవాసం ఉంటే నాకు తలనొప్పి వస్తుంది. అయినా ఇలాంటి మాట వింటే కోపం ఆగదు. ఆ కోపం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఖాజావలీ అనే మనిషి దగ్గర నేర్చుకున్నది.

ఇరవై ఏళ్ల కిందట తాడిపత్రిలో ఒక రాళ్ల దుకాణంలో ఫోన్లు ఎత్తడానికి, ఆర్డర్లు రాయడానికి చేరాను. పాలిష్ చేసిన నల్లబండల మీద పేర్లూ బొమ్మలూ చెక్కి ఇచ్చే దుకాణం అది. గుడికి దాతల పేర్లు, చర్చికి శంకుస్థాపన రాయి, సమాధుల మీద బండలు, పల్లెల్లో గ్రామదేవతల రాళ్లు, అన్నీ అక్కడికే వచ్చేవి. చెక్కేది ఖాజావలీ. ఊరందరికీ వలీ మామ. యాభై దాటిన మనిషి. గడ్డంలో ఎంత నెరుపో ఎంత రాతిపొడో చెప్పలేం. ఆయన పీట పక్కన మూత పెట్టిన ఇత్తడి చెంబు ఒకటి ఎప్పుడూ ఉండేది. తాగడానికేమో అనుకున్నాను.

చేరిన వారంలోనే గుమ్మఘట్ట వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "మా మారెమ్మ ఎంతవరకు వచ్చింది తల్లీ?" అని అడిగాడు. నేను చీటీ చూసి, "మారెమ్మ పీసు రెడీ అయిపోయింది, బండి తెచ్చుకుని ఎత్తకపోండి" అన్నాను. ఫోన్ పెట్టి చూసేసరికి వలీ మామ ఉలి దించి నావైపే చూస్తున్నాడు. చెంబు మూత తీసి ముందుకు జరిపాడు.

"నోరు పుక్కిలించి రామ్మా."

"ఎందుకు మామా? నేనేమీ తినలేదు."

"తినింటే నేనేల అంటాను? ఆయప్ప వాళ్లమ్మ యాడిదాకా వచ్చిందని అడిగినాడు. నువ్వు పీసు అంటివి. పుక్కిలించుకుని, మళ్లా ఫోన్ చేసి చెప్పు, అమ్మ తయారై కూర్చోనుండాది, వచ్చి పిలుచుకపోండి అని."

నాకు మంట పుట్టింది. మా దేవత గురించి నాకు ఈయన చెప్పేదేమిటి అని కూడా అనుకున్నాను, దాచడమెందుకు. అయినా పెద్దమనిషి కదా అని బయటికి వెళ్లి పుక్కిలించి ఊసి, మళ్లీ ఫోన్ చేసి ఆయన చెప్పినట్టే చెప్పాను. అవతల పెద్దాయన "రేపు తప్పెట్లతో వస్తాం తల్లీ" అన్నాడు. వచ్చారు కూడా. ట్రాక్టరుకు వేపమండలు కట్టుకుని, చిన్నాపెద్దా ఇరవై మంది వచ్చారు. ముందు రోజు నేను ఎత్తకపొమ్మన్న రాయికి ఒక ముసలావిడ కొంగు తీసి మొహం తుడిచింది. నేను గది బయటికి రాలేకపోయాను.

ఆ ఏడు వానలు లేవు. కొళాయి వారానికొకసారి వచ్చేది. పాలిష్ మిషన్‌కు కూడా ట్యాంకరు నీళ్లే. అంత కరువులోనూ ఆ చెంబు ఖాళీగా ఉండేది కాదు. హమాలీలు సమాధి బండను 'దరిద్రం' అన్నా పుక్కిలించాల్సిందే, ఏసుక్రీస్తు బొమ్మను 'ఆ గడ్డపాయన' అన్నా పుక్కిలించాల్సిందే. ఒకరోజు ఓనరు చూసి, "తాగేదానికి లేక సస్తాంటే పుక్కిలించేదానికి నీళ్లా వలీ?" అన్నాడు. వలీ మామ తల ఎత్తలేదు. "నీళ్లు తక్కువుండాయి కదా సామీ, నోరు కొంచెం తక్కువ పారేసుకోండి. కడిగే పనుండదు" అన్నాడు. ఓనరు నవ్వేశాడు. అప్పటికింకా నవ్వేవాడు.

తర్వాత ఏడాది ఓనరు బొమ్మల టైళ్ల వ్యాపారం మొదలుపెట్టాడు. ఒకరోజు ఒక కాంట్రాక్టరు వచ్చాడు. ఏదో కాంప్లెక్సు వెనక గోడ పొడవునా జనం ఉచ్చ పోస్తున్నారట. "మూడు మతాలూ కలిపి ఇయ్యన్నా, ఏ మతమోడు వచ్చినా ఆగిపోవల్ల" అన్నాడు. వెంకటేశ్వరుడు, శిలువ, మక్కా బొమ్మలు బల్ల మీద పరిచి ఉన్నాయి. ఓనరు వలీ మామను పిలిచి, అంచులు కోసి నాలుగు బాక్సులు సర్దమన్నాడు.

వలీ మామ ఆ టైళ్లను ముట్టుకోలేదు. "ఎందుకప్పా ఇవి?" అని అడిగి, కాంట్రాక్టరు చెప్పింది మొత్తం విన్నాడు. విన్న తర్వాత అన్నాడు, "జనానికి పోసుకునే చోటు లేకపోతే ఒక దొడ్డి కట్టియ్యండి. దేవున్ని ఉచ్చకు కాపలా పెడతారా?"

"నీకెందుకయ్యా అంత? నీ దేవుడొక్కడే కాదు కదా, అందరూ ఉండారు" అన్నాడు కాంట్రాక్టరు.

"అందుకే సామీ చెప్తాండేది" అన్నాడు వలీ మామ.

ఓనరు మొహం మాడ్చుకుని నావైపు తిరిగి, "నువ్వు రాయమ్మా" అన్నాడు. నేను రాశాను. అలవాటుగా పైకి చదువుతూ రాశాను. "దేవుళ్లు, కలిపి, నాలుగు బాక్సులు." ఉద్యోగం పోతుందన్న భయం కొంత ఉంది. కానీ నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకది తప్పనే తోచలేదు. చదివాక తల ఎత్తితే వలీ మామ నన్నే చూస్తున్నాడు. చెంబు వైపు చేయి వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు. పీట దగ్గరికి వెళ్లి, సగంలో ఉన్న ఎవరిదో పేరు పూర్తిచేసి, ఉలులు గోతంలో చుట్టుకున్నాడు. చెంబులో నీళ్లు గడప పక్కనున్న తులసి కుండీలో పోసి, చెంబు బోర్లించి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ దుకాణానికి రాలేదు. ఓనరు వారం రోజులు ఆయన్ని తిట్టి, తర్వాత మర్చిపోయాడు.

వలీ మామ ఆ తర్వాత ఇంటి దగ్గరే బండలు చెక్కుకుని బతికాడు. మూడేళ్ల కిందట పోయాడు. ఆయన కొడుకు ఫోన్ చేస్తే, నేనిప్పుడుండే అనంతపురం నుంచి వెళ్లాను. వీధి మొదట్లోనే ఎవరో, "బాడీని ఎప్పుడు ఎత్తుతారంట?" అని అడుగుతున్నారు. అంతకుముందు రోజు దాకా మామ, ఆ పూటకు బాడీ. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అని, దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అని చెప్పుకున్న నోళ్లు మనవి. ఇప్పుడు గుళ్లు 'కవర్' చేసి వస్తున్నాం, దర్శనం 'కొట్టేసి' వస్తున్నాం. అడిగితే, మాటలో ఏముంది, మనసులో ఉండాలి అంటారు. మనసులో ఉన్నది మాటలోకి ఎందుకు రాదో ఒక్కరూ చెప్పరు.

సమాధి బండకు కొడుకు ఆ పాత దుకాణంలోనే ఆర్డరు ఇచ్చాడు. పదిరోజులకు ఫోన్ చేస్తే అక్కడెవరో, "వలీ పీసా? రెడీ అయింది, ఎత్తకపోండి" అన్నారట. ఆ కుర్రవాడు నాకు చెప్పి ఏడ్చాడు. నేనేం ఓదార్చగలను? ఆ మాట ఆ దుకాణం ఫోన్లో మొదట అన్నది నేనే.

ఇవాళ సెక్రటరీ ఇంకా నా జవాబు కోసం చూస్తున్నాడు. "మిగిలిన ఇద్దరినీ మా ఇంటికి పంపండి" అన్నాను. "మా మూల నేనే కడుక్కుంటాను. ఆ మూలన ఎవరు ఉమ్ముతారో కూడా నేనే చూస్తాను. అతికించిన వాళ్లను కూడా జాగ్రత్తగా తీయించండి."

"ఇద్దరా?" అని నవ్వాడతను. "టైల్స్ మేడమ్ అవి. తీస్తే పగిలిపోతాయి."

గట్టిగానే తిట్టాను. మేస్త్రీ తాపీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కిందికి వెళ్లే పని మానుకుని ఇంట్లోకి వచ్చి, చెంబుతో నీళ్లు ముంచుకుని పుక్కిలించాను. సెక్రటరీని తిట్టినందుకు కాదు, ఆ మాటలకు నాకు విచారం లేదు. 'దేవుళ్లు, కలిపి, నాలుగు బాక్సులు' అని చదివిన రోజు వలీ మామ నన్ను పుక్కిలించి రమ్మనలేదు. ఆయన రమ్మనలేదు కాబట్టి, ఇన్నేళ్లుగా ఎన్ని నీళ్లు పోసినా ఆ మాట నా నోట్లోంచి పోవడం లేదు.