చక్కగా ఏడ్చే జమునాబాయి

మనిషి కనిపించకముందే గొంతు వినిపించేది. బీర్కూర్ బస్సు దిగి కాల్వగట్టు వెంట తండాకు నడిచేవాళ్లకు చెరకుతోట అవతలి నుంచి ఒక సన్నని రాగం ఎదురొచ్చేది. పైకి లేచి, గాలిలో కాసేపు ఆగి, తడిగుడ్డలా మెల్లగా కిందికి వాలేది. కొత్తవాళ్లు పాట అనుకునేవాళ్లు. తండావాళ్లు మాత్రం "జమునాబాయి ఢావ్లో ఎత్తింది" అని, అది తెగేదాకా మాటలు ఆపి వినేవాళ్లు.

ఢావ్లో అంటే లంబాడీ ఆడవాళ్ల రాగాల ఏడుపు. ఆడపిల్ల అత్తవారింటికి పోయేటప్పుడు తల్లీబిడ్డలు ఒకరి మెడ ఒకరు చుట్టుకుని ఏడుస్తారు. అక్కచెల్లెళ్లు ఏళ్ల తర్వాత కలిస్తే ముందు ఏడుపు, ఆ తర్వాతే మంచినీళ్లు. పోయినవాళ్లను, ఎండిన చేనును, చచ్చిన ఎద్దును అన్నింటినీ రాగంలో చెప్పుకుని, కళ్లు తుడుచుకుని నవ్వుకుంటారు. ఏడవడం చేతకాని ఆడదాన్ని చూస్తే అక్కడ జాలిపడతారు.

జమునాబాయి పుట్టింది పిట్లం దగ్గరి తండాలో. భిక్యాను చేసుకుని ఇక్కడికి వచ్చింది. అరవైతొమ్మిది వానాకాలంలో, కూతురు సోమ్లి ఇంకా చంక దిగకముందే, రెండో కాన్పులో చచ్చిన మగపిల్లాడు పుట్టాడు. ఆడవాళ్లంతా వచ్చి ఆమె మెడ పట్టుకుని ఏడ్చారు. పిల్లవాణ్ని పూడ్చారు. నాట్లు మొదలయ్యాయి, అందరూ పొలాలకు పోయారు. జమునాబాయి దగ్గర మాత్రం ఏడుపు మిగిలిపోయింది.

నిద్ర పోయింది. ఆకలీ పోయింది. జొన్నరొట్టె నోట్లో మన్నులా తిరిగేది. సోమ్లి లంగా పట్టి గుంజితే ఎవరి పిల్లో ఎవరినో గుంజుతున్నట్టు ఉండేది. తెల్లారగానే గుడిసె ముందు కూర్చుని, ఎదుట ఏ మెడా లేకుండానే ఢావ్లో ఎత్తేది. ఆ ఏడుపులో రాగం ఎన్నడూ తప్పలేదు. అదే ఆమె కొంప ముంచింది. రాగం తప్పి అరిచి ఉంటే, గాలి సోకిందని ఎవరి దగ్గరికైనా తీసుకుపోయేవాళ్లు.

"ఏం గొంతే నీది! రాయి గూడ కరుగుతది," అంది తండా పెద్దముసలి దేవీబాయి. "మా మనవరాలి పెండ్లికి నువ్వే రావాలె. దానికి ఏడ్సుడొస్తలేదు, కోడి కూసినట్టు కూస్తది. జర నేర్పు."

వెళ్లి నేర్పింది. కబురు పక్క తండాలకు పాకింది. పెళ్లిళ్లకు పిలిచారు, చావులకు పిలిచారు. ఏడ్చిన ప్రతిచోటా మెచ్చుకుని, అన్నం పెట్టి పంపారు. అంతమంది భుజాల మీద తల వాల్చినా, ఈమె నిజంగా ఏడుస్తోందని ఒక్కరికీ తట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు కాల్వగట్టు మీద ఆగేది. నిండుగా పోయే నీళ్లు ఆమెను ఏమీ అడిగేవి కావు, మెచ్చుకునేవీ కావు. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త దగ్గరగా నిలబడేది.

ఆ ఏడుపును విన్నది ఆ భాష రాని మనిషి. లక్ష్మవ్వది కాల్వ కింద వరి పండించే రైతు కుటుంబం. మరుసటేడు ఆమె మడిలో నాటు వేస్తూనే జమునాబాయి రాగం ఎత్తింది. మిగతా కూలీలు ఆ రాగానికి తగ్గట్టు చేతులు ఆడించారు. లక్ష్మవ్వ గట్టు దిగి, బురదలో నడుచుకుంటూ వచ్చి ఎదుట నిలబడింది.

"ఏమైందే? ఎందుకేడుస్తున్నవ్?"

కూలీలు పకపకా నవ్వారు. "ఏడుపు గాదవ్వా, గది పాట. గామె గట్లనే పాడుతది."

"పాటైతే ముక్కెందుకు కారుతది? నా కండ్లు పోయినయా?" అని వాళ్లను కసిరి, లక్ష్మవ్వ ఆమె గడ్డం పట్టి పైకెత్తింది. "నిద్ర పడ్తుందా బిడ్డా?"

  జమునాబాయి చేతిలోని నారు నీళ్లలోకి జారిపోయింది.

"లేదవ్వా," అంది. "కాల్వ పిలుస్తుంది."

లక్ష్మవ్వ తిట్టి పంపితే, భిక్యా ఆమెను బాన్సువాడ దవాఖానకు తీసుకుపోయాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. బలం సూది వెయ్యమని భిక్యా అడిగాడు. డాక్టరు కాల్వ మాట విని సూది పక్కన పెట్టాడు.

"ఇది మనసుకొచ్చిన జబ్బు. మందుంది. కానీ ఆ గోలీలు ఇక్కడికి రావు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డకు పోవాలి."

"పిచ్చి దవాఖానకా సారూ?" భిక్యా గొంతు తగ్గించాడు. "రేపు నా బిడ్డనెవడు చేసుకుంటడు?"

"ముందు నీ బిడ్డకు తల్లి ఉండాలి కదా."

పోయారు. గోలీలు మెల్లగా పనిచేశాయి. మొదట నిద్ర వచ్చింది, తర్వాత రొట్టెకు రుచి వచ్చింది. ఒకనాడు సోమ్లి లంగా గుంజితే, గుంజింది తన పిల్లేనని తెలిసింది. ఆ సంతోషానికి ఏడవబోయింది. కళ్లు తడవలేదు. రాగం ఎక్కడో ఇంకిపోయింది.

ఆ తర్వాత ప్రతిసారీ మందుకు ఒక్కతే పోయేది. అడిగినవాళ్లకు మోకాళ్ల నొప్పులని చెప్పేది. తెలిసిన ముఖం లేని బస్సులో, కిటికీకి తల ఆనించి, పోయే ఊళ్లను చూసేది. తండాకు మశూచి సూదులవాళ్లు వచ్చారు. మలేరియా మందు కొట్టి గోడల మీద రాసిపోయేవాళ్లు వచ్చారు. కుటుంబ నియంత్రణ జీపు కూడా వచ్చింది. నిద్ర పడుతుందా అని అడిగేవాళ్లు మాత్రం ఏ జీపులోనూ రాలేదు. పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. ఏడవని మనిషితో ఎవరికేం పని?

ఎనభైనాలుగులో సోమ్లికి పెళ్లి కుదిరింది. దేవీబాయి కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"గా మోకాళ్ల గోలీలు మింగినసంది నీకు ఏడుపొస్తలేదు, బంద్ చెయ్. తల్లి ఏడ్వని పెండ్లి గూడ పెండ్లేనా? పెండ్లయినంక మల్ల మింగుదువు తియ్."

జమునాబాయి మానేసింది. బిడ్డకు తల్లి ఢావ్లో బాకీ ఉండిపోకూడదనుకుంది. కొన్నాళ్లకే నిద్ర పట్టడం మానేసింది. రొట్టె మళ్లీ మన్నయింది. ఒక మధ్యాహ్నం తేరుకుని చూస్తే, పాదాలు కాల్వ నీళ్లలో ఉన్నాయి. గొంతులో రాగం లేచింది. పాతదే, నిండుగా, ఎంతో తియ్యగా. ఆ తీపికే ఆమెకు భయం పుట్టింది. తడి కాళ్లతో ఇంటికి నడిచి, గోలీ నోట్లో వేసుకుంది.

పెళ్లయి సాగనంపే రోజు సోమ్లి తల్లి మెడ చుట్టుకుని రాగం ఎత్తింది. "యాడీ, నా తల్లీ, నీ వాకిట్లో నా అడుగులు ఎండిపోతాయి, వాటి మీద ఎవరు అలుకుతారు?" అని అడిగి ఆగింది. ఇప్పుడు తల్లి అందుకోవాలి.  జమునాబాయి కూతురి వీపును, పసిపాపను నిద్రపుచ్చినట్టు, మెల్లగా తట్టింది. అంతే.

"ఏడ్వు యాడీ," అంది సోమ్లి చెవిలో. "అందరు చూస్తుండ్రు."

"వస్తలేదు బిడ్డా."

"బిడ్డ పోతుంటే కండ్లు తడవకపాయె. ఇది తల్లా, రాయా!" అంది వెనక నుంచి దేవీబాయి.

సోమ్లి చేతులు తీసేసుకుని, వెనక్కి చూడకుండా ట్రాక్టరు ఎక్కింది. ఆ ఏడు పండుగకు బీర్కూర్‌లో మేనత్త ఇంటికి వచ్చింది కానీ, తండాకు రాలేదు. బాగున్నానని కబురు మాత్రం పంపింది.

తర్వాత కొన్నేళ్లకు, తండాల పాటలు రాసుకుందామని ఒక మనిషి బస్సు దిగి వచ్చారు. ఢావ్లోకు జమునాబాయే అని పిట్లంలో ఎవరో చెప్పారట. ఆమె ముందు మంచినీళ్లు ఇచ్చింది. పాట పాడలేదు, ఇదంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ కాల్వ వైపు వీపు పెట్టి కూర్చుంది. పొద్దు వాలాక చెరకుతోట మలుపు దాకా సాగనంపడానికి వచ్చింది. విడిపోయేటప్పుడు ఏడవడం తండా మర్యాద. ఆమె నిలబడి, వచ్చిన మనిషి తల మీద చెయ్యి పెట్టింది.

"ఇగ పో, బస్సు పోతది. ఏడుస్తలేనని ఏమనుకోకు. ఏడ్వకున్నా యాది జేస్త."