శెనక్కాయల పరిగె

చానా ఏళ్లు ఒక మాట గొంతుకు అడ్డం పెట్టుకుని తిరిగాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు ఇంత తేలిగ్గా చెప్పగలుగుతున్నానేమో.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. పదో తరగతితో నా బడి ఆగిపోయింది. మిగతా చదువంతా లైబ్రరీలోనే, సొంతంగా. అది నాకు గర్వం. ఇప్పటికీ.

మా నాయనమ్మ మిరపకాయలకు తొడిమలు తీస్తూ పాత సంగతులు చెప్పేది. చేయి ఆడితేనే ఆమెకు మాట సాగేది. ఒకరోజు కల్లంలో ఆమె దగ్గర నేనూ చెల్లెలూ తప్ప ఎవరూ లేరు. వానలు పడని ఏడాది సంగతి అప్పుడు చెప్పింది. ఇంట్లో గింజ లేదు. పొలమున్న ఇంటి కోడలు ఒకరి చేలో పరిగె ఏరుకుంటే తల కొట్టేసినట్టే. అందుకని ఎవరూ గుర్తుపట్టని నూజెండ్ల వైపు పోయి, ముఖం మీదికి పమిట లాక్కుని, కూలోళ్ల మధ్య కూర్చుని, బావి కింద పండించి పీకేసిన శెనక్కాయ చేలో మట్టి గోకి, మిగిలిన కాయలు ఏరుకొచ్చి మా నాన్నను బతికించుకుంది. పుట్టింటోళ్లు పంపారని తాతకు చెప్పిందట. ఈ సంగతి నోరు దాటకూడదని మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది.

నేను దాటించాను. లైబ్రరీలో పేపరు చదివే పెద్దమనుషుల మధ్య కరువుల మాటొచ్చింది. నాకెంత తెలుసో చూపించాలని మా ఇంటి సంగతే చెప్పేశాను. వాళ్లు తలలూపారు. ఆ తలలూపడం కోసమేనా? అవును, అందుకోసమే.

కొద్దిరోజులకే కల్లంలో ఒకామె నాయనమ్మతో, "ఏం వదినా, మా చేలో శెనక్కాయ పీకాం, పరిగెకు రావా?" అంది. అందరూ నవ్వారు.

నాయనమ్మ ఇంటికొచ్చి మమ్మల్ని ఎదురుగా నిలబెట్టింది.

"ఎవురు చెప్పింది?"

"నేనెందుకు చెప్తా నాయనమ్మా?" ముందు నోరు తెరిచింది నేనే.

"నేను కాదు," అంది చెల్లెలు.

"వాడు పుస్తకాలు చదువుకునేవాడు. వాడికేం పని ఊరి కబుర్లతో? నువ్వేనే. నా కడుపులో మాట నీకు చెబితే ఊళ్లో పంచిపెట్టొచ్చావటే?"

చెల్లెలు నావైపు చూసింది. విన్నది మేమిద్దరమే. తను కాకపోతే ఎవరో దానికి తెలియదా? నేను తల దించుకున్నాను.

ఆ తర్వాత చెల్లెలు మిరపకాయల కుప్ప దగ్గరికొస్తే నాయనమ్మ నోరు మూసుకునేది. గుట్టు దాచినవాడినని మిగతా సంగతులన్నీ నాకే చెప్పింది. అలా నమ్మే పోయింది.

ఈమధ్య చెల్లెలి కూతురు ఫోనులో రికార్డింగ్ పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. "అమ్మకు తాతమ్మ ఏమీ చెప్పలేదంట. నువ్వు చెప్పు మామయ్యా."

చెల్లెలు పక్కనే ఉంది. ఎందుకు చెప్పలేదో ముందు అది చెప్పాను. అంతా.

"తెలుసు," అంది చెల్లెలు. "తర్వాత నాయనమ్మ నీకేం చెప్పింది?"

చెప్పడం మొదలుపెట్టాను. కొంతసేపు విని చెయ్యెత్తింది. "ఆపు. ఇవి నీ మాటలు. నాయనమ్మ ఇట్లా మాట్లాడదు."

లేచి లోపలికి వెళ్లిపోయింది.

నిజమే. ఇన్నేళ్లూ ఆ కథలను మనసులో నా పుస్తకాల భాషలోకి దిద్దుకుంటూ వచ్చాను. నాయనమ్మ అన్నది అన్నట్టుగా నాకు గుర్తున్నవి ఆరోజు చెల్లెలిని అన్న మాటలే. అవి నాకు పడాల్సినవి.

గుట్టు బయటపెట్టింది నేనే. ఈ ముక్క రాశాక గొంతు కాస్త తెరుచుకుంది. చెల్లెలు ఇంకా నాతో పలకడం లేదు.