రంగు కట్టిన నీళ్ళు

ఎనిమిదో తరగతిలో బడి మానేసి రొయ్యల చెరువు గట్టెక్కినవాడిని. అక్కడ నేర్చిన మొదటి పాఠం, నీటికి రంగు కట్టాలని. నీరు లేతాకుపచ్చగా ఉంటే చెరువు బాగున్నట్టు. అడుగు కనిపించేంత తేటగా ఉంటే జబ్బు చేసినట్టు. అప్పుడు తవుడూ బెల్లమూ నానబెట్టి, పులిసాక చల్లేవాళ్ళం.

తరవాత కువైట్‌లో ఒక ఇంట్లో సముద్రపు చేపల తొట్టె అద్దాలు తుడిచాను. అద్దాలే. నీటి సంగతి చూడ్డానికి వేరే మనిషి వచ్చేవాడు. ఆ తేడా అప్పుడే తెలిసి ఉంటే ఇది రాసే అవసరం ఉండేది కాదు.

తిరిగొచ్చాక అమలాపురంలో మా హాల్లో మూడడుగుల తొట్టె పెట్టాను. ఉప్పునీరు, రాళ్ళు, రెండు నారింజ రంగు చేపలు, అన్నిటికంటే ముద్దుగా ఒక మెత్తటి పగడం, ఉంగరంలో రాయి కాదు, ప్రాణమున్నది. వేళ్ళు విప్పిన చెయ్యిలా ఉండేది. నిజానికి అది ఫ్రిజ్ పెట్టాల్సిన చోటు. ఫ్రిజ్ వంటింటి గుమ్మంలో ఇరుక్కుంది. మా ఆవిడ ఒకటే షరతు పెట్టింది: పగడం చచ్చిన రోజున తొట్టె బయటికి, ఫ్రిజ్ హాల్లోకి.

నెల తిరిగినా నీరు అద్దంలా ఉంది. చెరువు గట్టు మీద పెరిగిన కన్ను ఊరుకుంటుందా? ఎవరూ చూడకుండా గరిటెడు తవుడు బెల్లం నీళ్ళు పోశాను.

రంగు కట్టింది. అక్కడితో ఆగలేదు. నా తల మీంచి రాలిందంతా అక్కడికే చేరినట్టు రాళ్ళకి పచ్చటి జుట్టు మొలిచింది. పగడం పిడికిలి బిగించేసింది.

సరిగ్గా అప్పుడే రాజోలు దగ్గర రొయ్యలు పెంచే మా మావగారు వచ్చారు. తొట్టె ముందు గొంతుక్కూచుని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు.

“నీళ్ళకి భలే రంగు కట్టిందండి అల్లుడుగారూ. ఇక పిల్లని వదిలెయ్యడమే.”

పిల్లంటే రొయ్యపిల్ల. వంటింట్లో మా ఆవిడ నవ్వు గిన్నెల చప్పుడుని మించింది. పగడం ఎలాగూ పోతుందని, తొట్టె ఖాళీ చేసి బ్లీచింగ్ కొట్టి కొరమేను పెంచుకోమని కూడా ఆయన చెప్పారు.

“ఆయ్, అదంతా చెరువుకండి. ఇది చెరువు కాదండి,” అన్నాను. అన్నాక తెలిసింది, ఆ మాట వినాల్సినవాణ్ణి నేనేనని.

మర్నాటి నుంచి పాత పళ్ళ బ్రష్షు పట్టుకున్నాను. నా పళ్ళు కూడా ఎప్పుడూ అంత శ్రద్ధగా తోమలేదు. రాయి రాయీ తీసి జుట్టు పీకాను. ఫిల్టర్ నీళ్ళలో ఉప్పు కలిపి బకెట్టు బకెట్టుగా మార్చాను. లైటు సగం పూటే వేశాను, చేపల మేత చిటికెడుకి దించాను. పాచి మళ్ళీ వచ్చింది. మళ్ళీ పీకాను. మా ఆవిడ టేపు తెచ్చి, నా ఎదురుగానే ఫ్రిజ్‌కి చోటు కొలిచింది. రెండో కొస నేనే పట్టుకున్నాను. కొలవడం అయ్యాక మళ్ళీ బ్రష్షు అందుకున్నాను.

మూడో నెలలో ఒక పొద్దున్న పగడం ఒక వేలు విప్పింది. వారం తిరక్కుండా చెయ్యంతా.

మావగారు మళ్ళీ వచ్చి, తేటనీటిలోకి చూసి నిజంగానే బాధపడ్డారు.

“అయ్యో, రంగంతా పోయిందండీ.”

“ఆయ్, పోయిందండి,” అన్నాను.

వెనక రాయికి కొంచెం పాచి ఇంకా ఉంది. ఉండనీ, నా బ్రష్షూ ఉంది. ఫ్రిజ్ వంటింటి గుమ్మంలోనే ఉంది. పక్కకి తిరిగి వెళ్తున్నాం.