లిమా ఊపిరితో తిరిగొచ్చిన అల్లుడు

మా అల్లుడు నజారియో ఈ కొండ మీద పుట్టినవాడే. ఈ ఔసంగాతే కొండ మంచు కరిగిన నీళ్ళు తాగే పెరిగాడు. మీసం రాకముందే లిమా పక్కనున్న రేవుకు పోయి, పదేళ్ళకు పైగా చేపల బుట్టలు మోశాడు. నా కూతురు బసీలియా అతని వెనకే పోయింది. మా ఆయన పోయాక గుర్రాలను చూసే మనిషి లేక కబురు పెడితే, చంకలో పసిపిల్లతో ఇద్దరూ తిరిగొచ్చారు.

మా ఊరు పుకాకంచాలో, కొండ చుట్టూ నడవడానికి వచ్చే దొరల సామాను మోసే పని వంతుల మీద సాగుతుంది. వంతు వచ్చిన ఇల్లు గుర్రాలనూ, వాటి వెంట ఒక మనిషినీ పంపాలి. ఆరు రోజుల నడక, కనుమ తరవాత కనుమ. వరసగా రెండు వంతులు తప్పిన ఇంటిని వరసలోంచి తీసేస్తారు, మళ్ళీ చేర్చుకోరు. మా ఆయన పోయిన ఏడు ఒకటి తప్పింది. వానలు తగ్గగానే వచ్చే వంతు మాదే. బసీలియాకు చంటిపిల్ల, నాకు మోకాళ్ళ నొప్పి. వెళితే నజారియో వెళ్ళాలి, లేకపోతే మా ఆయన తన తండ్రి దగ్గర అందుకున్న వంతు మా చేతుల్లో పోతుంది.

బస్సు దిగిన రోజే అతను తలనొప్పి అన్నాడు. ప్రయాణ బడలిక అన్నాను. మర్నాడు పైమేత నుంచి గుర్రాలను తోలుకురమ్మంటే పోయాడు. పొద్దు వాలేసరికి గుర్రాలు ముందొచ్చాయి, అతను చాలాసేపటికి వాటి వెనక వచ్చాడు. ఎవరు ఎవరిని తోలుకొచ్చారో ఆ కొండకే తెలియాలి. గుమ్మంలో కూలబడ్డాడు. పెదాలు ఊదా మొక్కజొన్న రంగులో ఉన్నాయి. ఆ రాత్రి పడుకుంటే దగ్గు, లేస్తే వాంతి.

అది సొరోచే అని ఎవరూ అనలేదు. ఎత్తుకు తల తిరిగి పడిపోవడం దొరలకు వచ్చే రోగం. విమానం దిగి, బస్సెక్కి, పెద్ద పెద్ద బూట్లతో వచ్చి, మా రాళ్ళ మీద కూర్చుని వాళ్ళు కక్కుకుంటారు. మేము చూసి నవ్వుకుంటాం. మా వాళ్ళకెందుకొస్తుంది? ఒకరు గాలి సోకిందన్నారు. ఒకరు సముద్రపు చేపలు కడుపులో ఉండిపోయాయన్నారు. సెలవడగకుండా పోయినవాడు సెలవడగకుండా తిరిగొస్తే కొండకు కోపం రాదా అని మరొకరు. అదీ నిజమే కాబట్టి కోకా ఆకులూ లామా కొవ్వూ పొట్లం కట్టించి, మంత్రం తెలిసినవాడి చేత కాల్పించాను. కొండ కోపం తగ్గిందేమో గాని అల్లుడి దగ్గు తగ్గలేదు.

చివరికి కిందికి, ఒకొంగాతే ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి నర్సు, నా కూతురికన్నా చిన్నపిల్ల, మొహం మీదే చెప్పింది. ఎక్కడ పుట్టినా, ఏళ్ళ తరబడి సముద్రం పక్కన బతికినవాడి ఒంటికి ఈ ఎత్తు కొత్తేనట. కొన్నాళ్ళు కిందుండి, తరవాత కొంచెం కొంచెం ఎక్కాలట. పగలు పైకి పోయినా రాత్రి పడుకోవడం కిందనేనట. దొరలను ఎలా ఎక్కిస్తారో అలాగేనట.

ఈ మాట ఊళ్ళో ఎవరితోనూ అనొద్దని బసీలియాను హెచ్చరించాను. అల్లుడు ఒకొంగాతేలో ఎందుకున్నాడని అడిగినవాళ్ళకు తాళ్ళు కొనడానికని చెప్పాను. లామా బొచ్చుతో తాళ్ళు పేనే ఊళ్ళో ఉండి తాళ్ళు కొనడమేమిటని మా పక్కింటి టెయోఫిలా అంది. దానికి నోరెక్కువ.

నజారియో దగ్గు తగ్గాక తిరిగొచ్చాడు. ఇక మా ఇంట్లో ప్రయాణానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. గుర్రాల వీపులు తడిమి, పుండున్నదాన్ని పక్కన పెట్టి, తక్కినవాటికి ఓట్స్ గడ్డి వేశాను. గొర్రెతోలు జీనులు ఎండలో దులిపాను. చిక్కుడు గింజలు వేయించాను, ఉప్పు కండలు మూటగట్టాను, మంచులో తొక్కి ఎండబెట్టిన దుంపలు సంచికెత్తాను. గుర్రానికి అటొక మూట, ఇటొక మూట. ఒకవైపు బరువెక్కువైతే రెండో కనుమ దగ్గరే వీపు ఒరుసుకుపోతుంది. ఇవన్నీ నాకు మా ఆయన చెప్పలేదు, నేనే ఆయనకు చెప్పాను.

నా పని తాళ్ళూ మూటలూ, నజారియో పని ఊపిరి. రోజూ పొద్దున గుర్రాలతో పైకి పోయేవాడు, చీకటి పడకముందే దిగొచ్చేవాడు. గుర్రాలు తోలేవాడు ఎక్కుతున్నంతసేపూ ఈల వేయాలి, ఈల వినబడకపోతే అవి ఆగిపోతాయి. నేను దొడ్లో కూర్చుని ఆ ఈల వినేదాన్ని. మొదట్లో వాగు దాటగానే ఆగిపోయేది. తరవాత రాళ్ళకుప్ప దాకా పోయింది. ఎంత చేసినా ఎర్రమట్టి మలుపు దాటలేదు. పెద్ద కనుమ దానికి ఎంతో పైనుంది. వంతు మాత్రం దగ్గరకొచ్చేసింది.

ఒక సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని అన్నాడు.

"అత్తా, రేపు సభలో చెప్పేస్తాను."

"ఏమని?"

"నాకు సొరోచే కొట్టిందని. ఇప్పుడు పోలేను, వేరే ఇంటితో వంతు మార్చమని అడుగుతాను."

వంతు మార్చడం మా దగ్గర ఉంది. అయితే కారణం నలుగురి ముందు నోటితో చెప్పాలి, నలుగురూ ఒప్పుకోవాలి.

"కాలు బెణికిందని చెప్పు" అన్నాను.

"బెణికిందంటే కుంటాలి గదా. ఎన్నాళ్ళని కుంటను?"

"ఆగస్టులో తరవాతి వంతు వచ్చేదాకా కుంటు. నీ సొమ్మేం పోయింది?"

బసీలియా పిల్లకు పాలిస్తూ నవ్వింది. అతను నవ్వలేదు.

"మీ మామ ముప్పై ఏళ్ళు తిరిగాడు. ఒక్కనాడు తల పట్టుకున్నాడా?"

"మామ ఒక్కనాడైనా కిందికి దిగాడా అత్తా? పైకెళ్ళాక నేను పడిపోతే, జబ్బుపడ్డవాళ్ళ కోసమని తీసుకెళ్ళే ఖాళీ గుర్రం నేనెక్కాలి. అదే రోజు దొరల్లో ఇంకొకరు పడిపోతే వాళ్ళనెక్కడ పడుకోబెట్టను? రాళ్ళ మీదా?"

అన్నం మాడుతోంది. లేచి కుండ దించాను.

సభ బడి ముందు జరిగింది. నజారియో టోపీ చేతిలో పట్టుకుని లేచాడు. దాచకుండా అంతా చెప్పాడు. వాంతులూ చెప్పాడు, నర్సు మాటా చెప్పాడు, ఈల ఎక్కడాగిందో కూడా చెప్పాడు. నేను శాలువా ముందుకు లాక్కున్నాను. వెనకనుంచి ఎవడో, లిమాలో ఊపిరి కూడా అమ్ముకొచ్చావా అని అడిగాడు. అందరూ నవ్వారు. ప్రెసిడెంటు కూడా పెదవి కొరుక్కుని నేల చూశాడు.

మా తరవాతి వంతు మెల్చోర్‌ది, ఆ టెయోఫిలా మొగుడు. మా వంతు పోతే వాళ్ళకే లాభం. ఆయన బుగ్గలో కోకా ఆకు అటు నుంచి ఇటు మార్చుకుని, తీరిగ్గా మాట్లాడాడు.

"నేను కిందున్న పటాలం నుంచి వచ్చినప్పుడు మంచం దిగలేదు, గుర్తుందా? మొక్కజొన్న కల్లు తాగి పడున్నానని మా అమ్మ చేత చెప్పించాను. తాగుబోతన్నా పరవాలేదు, కొండ పడనివాడనిపించుకుంటే ఎట్లా అని."

ఎవరూ నవ్వకముందే టెయోఫిలా లేచింది.

"ఓరి నీ మొహం మండ. ఆ కల్లు కాచింది నేను. నా కల్లు విషమని పెళ్ళికి ముందే ఊరంతా చెప్పుకున్నారు. ఇన్నేళ్ళూ నేను మొక్కజొన్నను తిట్టుకుంటున్నాను."

"అందుకేగా నిన్ను చేసుకున్నాను" అన్నాడు మెల్చోర్. "ఇంకెవరూ చేసుకునేట్టు లేరని."

ఆ నవ్వుల్లోనే, కింద అడవిలో బంగారం తవ్వడానికి పోయొచ్చిన ఇంకొకాయన తనకూ అయిందన్నాడు. మరొకామె, తన కొడుకు రెండు వారాలు గొడ్లచావిట్లో దాక్కున్నాడంది. ఇంతమంది పడ్డారని ఆ రోజు దాకా నాకు తెలియదు. తెలిసినా నేను చెప్పేదాన్ని కాదు.

మెల్చోర్ మా వంతు తీసుకుని, తన ఆగస్టు వంతు మాకిచ్చాడు. పైగా నజారియోను మొదటి రెండు రోజులు తన వెంట తీసుకుపోయి, పెద్ద కనుమకు ముందే వెనక్కి పంపాడు. ఆ తరవాత నజారియో పైమేత గుడిసెల్లో పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. జూలై ముగిసేలోపు ఈల వేసుకుంటూ పెద్ద కనుమ దాటి ఇటు దిగొచ్చాడు.

ఆగస్టులో మా వంతు దొరలు దిగారు. తెల్లవారుతూనే మూటలన్నీ కట్టేశాను. వాళ్ళలో ఒకామె సంచి మీద కూర్చుని, తల రెండు చేతుల్లో పెట్టుకుంది. ఏమీ లేదు, బాగానే ఉన్నానని అంటోంది. కుస్కో నుంచి వచ్చిన గైడు పొద్దుపోతోంది, లేవమంటున్నాడు. నజారియో పోయి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఈ రోజు గుర్రాలు కదలవని గైడుతో చెప్పాడు. తరవాత, తాను ఇదే ఊరివాడినని, ఇక్కడే గుమ్మంలో కూలబడ్డానని, ఎట్లా కక్కుకున్నాడో అదంతా ఆమెకు చెప్పడం మొదలుపెట్టాడు. గైడు ఆమె భాషలోకి మారుస్తున్నాడు. నజారియో అక్కడితో ఆగకుండా నన్ను పిలిచాడు.

"అత్తా, నిజమని నువ్వు కూడా చెప్పు."

నేను వినబడనట్టు ఇంకో ముడి బిగించాను. మళ్ళీ పిలిచాడు. దేశం కాని దేశం నుంచి వచ్చినవాళ్ళకు మా ఇంటి సంగతులు చెప్పుకోవాలా? చెప్పాను, ఏం చేస్తాను. ఆమె తల ఎత్తి నా వైపు చూసి, నిన్నటి నుంచీ కళ్ళు తిరుగుతున్నాయని అప్పుడు ఒప్పుకుంది.

గుర్రాల మీద నేను బిగించిన ముడులన్నీ నేనే విప్పుకున్నాను. వాళ్ళు ఒకరోజు ఆగి బయల్దేరారు.