దొర కోటు మా ఇంటి మేకుకి తగిలించను

మా ఆయన హార్బర్లో ఓడల తాళ్ళు కట్టే పని చేస్తాడు. మొన్న రంజాన్‌లో ఓ మధ్యాహ్నం తాడు పట్టుకుని నిలబడ్డవాడు కాస్త తూలాడు. రోజా ఉన్నాడు, తెల్లారకముందు తాగిన నీళ్ళే. సూపర్‌వైజరు అందరి ముందూ అన్నాడట: "ఏటయ్యా, గ్రాగీగా ఉన్నావు? మందు కొట్టి డ్యూటీకొచ్చీసేవా?"

మా ఆయన నోరు తెరిచేలోపు పక్కనున్న స్నేహితుడు అడ్డం పడ్డాడు. సబ్బవరం వైపు మనిషి, ఇద్దరూ బావా బావా అనుకుంటారు. "ఈపాలికి ఒగ్గీండి సార్, మరి తాగడు" అనీసేడు.

సాయంత్రం రోజా విడిచే వేళకి అతనే బండి మీద ఇంటికి దింపాడు. గుమ్మంలోనే పట్టుకున్నాను. "ఏటన్నా, గుటక నీరు ముట్టని మనిషిని తాగుబోతుని సేసీసేవా?"

"అది కాదు సెల్లెమ్మా! ఉపాసమంటే పండగదాకా ఇంటికాడ కూకోమంటాడు. తాగేడంటే నాలుగు తిట్టి ఒగ్గేత్తాడు. మా కాడ ఎప్పుడూ అంతే కదా."

ఈసారి సూపర్‌వైజరు తిట్టి ఒగ్గలేదు. రేపు పొద్దున్న అందరి ముందూ తాగొచ్చాను, తప్పయింది అంటేనే తాడు ముట్టుకోనిస్తానన్నాడట.

మా ఆయన ఖర్జూరం చేతిలో పట్టుకుని, "ఒక్క మాటే కదా, అనీసి వచ్చేత్తాను" అన్నాడు.

ఒక్క మాటా? ఆ గ్రాగీ పుట్టుక నాకు తెలుసు. మా దాదా, నాన్నకి నాన్న, హార్బరు పక్క పాతపట్నంలో కుట్టు మిషను పెట్టుకుని ఓడవాళ్ళ కోట్లు బాగుచేసేవాడు. ఓ ముసలి నావికుడి దగ్గర విన్న కత గుండీలు కుడుతూ మాకు చెప్పేవాడు. ఎప్పుడో ఇంగ్లీషువాళ్ళ ఓడల్లో ఓ పెద్ద దొర, పట్టూ ఉన్నీ కలిపి నేసిన ముతక కోటు వేసేవాడట. ఆ గుడ్డ పేరు గ్రాగ్రమ్. దాంతో ఆయన్నే గ్రాగ్ అని పిలిచేవారట. ఆయన ఓడవాళ్ళకిచ్చే రమ్ములో నీళ్ళు కలిపించాడు. వాళ్ళకి కడుపుమండి ఆ నీళ్ళమందుకీ గ్రాగ్ అనే పేరు పెట్టారు. అది ఎక్కువై తూలేవాడు గ్రాగీ. "సూడమ్మా, కోటొకడిది, తూలీవాడింకొకడు" అని దాదా పకపకా నవ్వేవాడు.

"ఏ దొర కోటో తెచ్చి మన ఇంటి మేకుకి తగిలిస్తానంటే ఊరుకోను" అన్నాను.

"పని పోతే?"

"పోనీ. గంజి నేను కాస్తాను. తాగేనని మాత్రం నీ నోటితో అనకు."

పొద్దున్న వెళ్ళి చెప్పాడు. "రోజా ఉన్నాను సార్, కళ్ళు తిరిగేయి. తాగనేదు. తప్పయిందనను." స్నేహితుడు కూడా తల గోక్కుంటూ, "నిన్న నానే అబద్దమాడేను సార్" అన్నాడట.

"అయితే పండగయ్యేక రా, పో" అన్నాడట సూపర్‌వైజరు.

ఎండెక్కకముందే ఇంటికొచ్చేశాడు. ఆ రోజుల జీతం పోయింది, ఏడవలేదు నేను. దాదా మిషను మీద నేను పండగ బట్టలు కుడుతుంటే ఆయన గుండీలు కుట్టాడు.

ఓ సాయంత్రం స్నేహితుడు పుచ్చకాయ పట్టుకొచ్చి గుమ్మంలోంచే అరిచాడు. "ఏటి బావా, గ్రాగీ దిగిందా?"

"ఆ మాట చెప్పుల దగ్గర ఒగ్గేసి లోపలికి రా అన్నా" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ, అతను లెంపలు వేసుకున్నాకే పుచ్చకాయ అందుకున్నాను.