ఏం మందని ఎవరూ అడగలేదు

దయ్యాల మాటెత్తితే నాకు ఒళ్లు మంట. పదహారేళ్లుగా నర్సు ఉద్యోగం. శవం ముక్కుల్లో దూది పెట్టి, చేతులు కడుక్కుని, సద్ది డబ్బా తెరిచి తిన్నదాన్ని. అట్లాంటి నేను కూర్చుని ఇది రాస్తున్నానంటే నా ఖర్మ అనుకోండి.

నేను పని చేసేది నంద్యాలలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. పేరు చెప్పను. నిరుడు బనగానపల్లె మామిడికాయలు దిగే రోజుల్లో మా అందరికీ కలిపి ఒక శిక్షణ పెట్టారు. డాక్టర్లు, నర్సులు, ల్యాబు వాళ్లు, మందుల కౌంటరు వాళ్లు, ఆయాలు, అందరం ఒకే గదిలో, పెద్దా చిన్నా తేడా లేకుండా కలిసి కూర్చున్నాం. రోగి గురించి ఎవరికి ఏం తెలిసినా పక్కవాళ్లకు చెప్పాలట. అనుమానం వస్తే ఆయా అయినా సరే డాక్టర్ని ఆపి అడగొచ్చట. అది విని మా ఆయా మాబుబ్బీ నా పక్కన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్న నాటకం లాంటిది వేయించారు. ఒకరు రోగి భార్య, మిగతావాళ్లం ఆసుపత్రి. వెనక కుర్చీలోంచి ఒకామె లేచి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ఆకుపచ్చ పూల చీర, ముక్కుకు రెండు వైపులా పుడకలు.

"మా ఆయప్ప మందు తాగినాడు సార్" అంది.

అందరం నవ్వాం. డాక్టరు వేషంలో ఉన్నది మా డ్యూటీ డాక్టరే, హైదరాబాదులో పెరిగిన మనిషి. ఎన్ని పెగ్గులు వేశాడని అడిగాడు. ఇంకా నవ్వులు. ఆమె మాత్రం నవ్వలేదు. ఒక్కొక్కరి మొహమే చూస్తూ పోయింది.

"ఏం మందని ఒగరూ అడగరేందీ?"

ఆ ఒక్క మాటే అని వెళ్లి వెనక కూర్చుంది.

ఆమె ల్యాబులో కొత్తగా చేరిందనుకున్నాను నేను. ల్యాబు వాళ్లు ఆయా అనుకున్నారట. ఆయాలేమో మందుల కౌంటరు మనిషి అనుకున్నారట. ఇదంతా తర్వాత ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగితే తెలిసింది. ఆ రోజు ఎవరికీ అడగాలని తోచలేదు.

శిక్షణ అయిన తొమ్మిదో రోజు పొద్దున పదిన్నరకు, ఆళ్లగడ్డ అవతలి పల్లె నుంచి ఒకామె భర్తను ఆటోలో వేసుకుని వచ్చింది. అదే చీర, అవే పుడకలు. డ్యూటీ డాక్టరు ముందు నిలబడి, "మా ఆయప్ప మందు తాగినాడు సార్" అంది. అదే గొంతు.

మనిషి దగ్గర సారా కంపు గుప్పుమంటోంది. డాక్టరు తల కూడా ఎత్తకుండా తాగుడు ఎక్కువైందని కేస్ షీట్లో రాశాడు. ఆమెను ఆయన గుర్తు పట్టలేదు.

నేను శిరివెళ్ల దగ్గరి పల్లెలో పుట్టినదాన్ని. మా వైపు మందంటే సారా అవుతుంది, ఒళ్లు బాగాలేకపోతే వేసుకునేది అవుతుంది, చేనుకు కొట్టేదీ అవుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెను అడగాల్సిన ప్రశ్న ఆమే మాకు నేర్పి పోయింది. అయినా నేను అడిగిందేమిటో తెలుసా? మొన్న మా ట్రైనింగుకు వచ్చింది నువ్వే కదా అని.

"యాడ ట్రైనింగమ్మా? నంద్యాల ఆసుపత్రికి నేను వచ్చిండేదే ఇప్పుడు" అంది.

ఇంతలో డాక్టరు సెలైన్ పెట్టమని గట్టిగా అరిచాడు. అంతకు ముందొకసారి వేరే రోగి గురించి ఏదో చెప్పబోతే మీరు డాక్టరా అన్నాడు నన్ను. సెలైన్ పెట్టాను. సాయంత్రానికి అతను లేచి కూర్చున్నాడు. ఇంటికి పంపేశాం.

మూడో రోజు మళ్లీ తెచ్చారు. నోరంతా పుండ్లు, ఉచ్చ బంద్. అప్పుడడిగాం ఏం మందని. గడ్డి మందు, చేలో కలుపు చంపేది. పక్క చేనాయన చేనుకు కొట్టుకోమని ఖాళీ క్వార్టరు సీసాలో కొంచెం పోసి ఇచ్చాడట. అప్పటికే తాగి ఉన్న ఇతను సారా అనుకుని ఎత్తాడు.

ముందే ఎందుకు చెప్పలేదని డాక్టరు ఆమె మీద విరుచుకుపడ్డాడు. ఆమె ఏడవను కూడా లేదు.

"మొదుటే చెప్తి గద సార్, మందు తాగినాడని."

మొదటి రోజు అతని వాంతి తుడిచింది మాబుబ్బీ. ఆకుపచ్చగా ఉందట, గడ్డి మందు రంగు. డాక్టరుకు తెలియదా అని ఊరుకుంది. నోరు మండుతోందంటే మందుల కౌంటరులో పూత మందు ఇచ్చి పంపారు. తలా ఒక ముక్క తెలుసు మాకు. నాకైతే తొమ్మిది రోజుల ముందే తెలుసు.

దానికి విరుగుడు లేదు, మొదటి రోజు తెలిసినా ఏం చేసేవాళ్లమని మా పెద్ద డాక్టరు అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమో. ఆరో రోజు మధ్యాహ్నం ఊపిరందక పోయాడు.

శవాన్ని పోస్టుమార్టానికి పంపే కాగితం మీద ఆమె చేత వేలిముద్ర వేయించింది నేనే. ఎడమ బొటనవేలికి అడ్డంగా పాత కొడవలి గాటు ఉంది. ముద్రలో అక్కడ తెల్లగా గీత పడింది.

మరుసటి రోజు ఆఫీసులో శిక్షణ హాజరు పట్టీ తీయించి చూశాను. మా ఆయాలతో సహా అందరివీ సంతకాలే. చిట్టచివర పేరు లేని గడిలో ఒక వేలిముద్ర. అడ్డంగా తెల్ల గీత.

కాగితాల కోసం వచ్చిన ఆమె మరిదిని అడిగాను. శిక్షణ జరిగిన తారీఖున వాళ్ల నాయన దినమట, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆమె పొయ్యి దగ్గరే ఉందట. వేలిముద్రలు చదవడం నాకు రాదు. ఒకటే అని ప్రమాణం చేయలేను. కాదని కూడా అనలేను.

పోయిన నెల మళ్లీ అదే శిక్షణ పెట్టారు. అదే గది, అవే మాటలు. డాక్టర్లంతా ముందు వరసలో ఒక చోట, మేం వెనక. మాబుబ్బీ ఈసారి నవ్వలేదు. నాటకం మొదలు కాగానే నేను వెనక్కి తిరిగి ప్రతి కుర్చీ చూశాను. ఆమె మళ్లీ వస్తే ఏం మందని ఈసారైనా అడుగుదామని.

అందరూ మా వాళ్లే. ఆమె రాలేదు.